రాజీనామా సారు

మా మండలంలో నా ఇంటిపేరు ఎవరికీ గుర్తులేదు. రాజీనామా విద్యాసాగర్ అంటే మాత్రం పాలు పోసే మనిషి దగ్గర్నుంచి ఎస్సై దాకా అందరికీ తెలుసు. తండాల్లో ఆ విద్యాసాగర్ కూడా ఎగిరిపోయి, ఉత్త 'రాజీనామా సారు'గానే మిగిలాను. రెండువేల పదిలో, తెలంగాణ కోసం ఊరూవాడా రోడ్డు మీద ఉన్న రోజుల్లో, నేను జెడ్పీటీసీ పదవికి రాజీనామా చేశాను. జనగామ చౌరస్తాలో దీక్షా శిబిరం ఎక్కి లేఖను పైకెత్తి చూపించాను. ఎవరో గులాలు చల్లారు. ఇద్దరు నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు, అప్పుడు నా బరువు ఇప్పటంత లేదు. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. మా ఆవిడ సుశీల దాన్ని ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించింది. వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చోగానే ఎదురుగా అదే కనబడుతుంది. అలా కనబడేట్టు కుర్చీ వేయించింది నేనే.

అనిత మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు కూడా ఆ కుర్చీయే చూపించాను. ఆమె కూర్చోలేదు, గడప పక్కన నిలబడింది. దంతాలపల్లి అవతల తండా వాళ్లది. పాతికేళ్లుంటాయి, ఇంటర్ దాకా చదివింది. భర్త ప్రేమ్‌సింగ్ ఇరాక్‌లో ఇరుక్కుపోయాడు. హోటల్లో పని అని చెప్పి ఏజెంటు విజిట్ వీసా మీద పంపించాడట. దిగాక ఏజెంటు ఫోను ఎత్తలేదు. వీసా గడువు తీరిపోయింది. గడువు తీరిన మనిషి ఆ దేశంలో ఉండకూడదు, కాగితం లేకుండా బయటికీ పోకూడదు. ఎగ్జిట్ కాగితం అంటారు దాన్ని. పోలీసులకు దొరికితే జైలు. రెండేళ్లుగా అతను నజఫ్ అనే ఊళ్లో, యాత్రికులు దిగే ఒక ముసాఫిర్‌ఖానాలో వంట చేస్తూ తలదాచుకున్నాడు. కూతురు సుజాతకు రెండేళ్లప్పుడు ఇరాక్ వెళ్లాడు.

"ఇంతమంది లీడర్లు ఉండంగ నా దగ్గరికే ఎందుకు వచ్చినవ్ బిడ్డా?" అని అడిగాను. ఏం జవాబు వస్తుందో తెలిసే అడిగాను.

ఆమె గోడ మీది ఫొటో వైపు చూసింది. "కుర్చీ ఇడిసిపెట్టిన మనిషి మీరొక్కరే గద సారు. మీకైతే మా బాధ ఎరుకైతదని వచ్చిన."

ఆ మాటకు నేను పడిపోయాను. పొగడ్తకు పడని రాజకీయ నాయకుణ్ని నేనింతవరకు చూడలేదు, అద్దంలో అసలే చూడలేదు. ఆమె ముందే ప్రేమ్‌సింగ్‌కు ఫోను కలిపించి, ఇక నీ పూచీ నాది అని చెప్పేశాను.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ప్రేమ్‌సింగ్ నాకు వీడియో కాల్ చేసేవాడు. వెనక పెద్ద పెద్ద డేగిషాలు, ఆవిరి, మధ్యలో చెమట తుడుచుకుంటూ ఇతని ముఖం. ఆ ముసాఫిర్‌ఖానా యజమానిని అబూ జవాద్ అంటారు. జవాద్ తండ్రి అని అర్థం, అక్కడ పెద్దవాళ్లను పెద్దకొడుకు పేరుతో అలాగే పిలుస్తారట. ఆయన ఊరికే యజమాని కాదు. షియాలలో బీదాబిక్కీ వెంట నడిచే ఒక పెద్ద ఉద్యమంలో మనిషి. ఆ ఉద్యమానికి ఒక మతగురువు నాయకుడు. ఆయన మాట అంటే వాళ్లకు గీసిన గీత. రెండువేల ఇరవై ఒకటి అక్టోబరులో ఎన్నికలు జరిగితే వాళ్ల పార్లమెంటులో మూడువందల ఇరవైతొమ్మిది సీట్లలో డెబ్బైమూడు ఆ ఉద్యమానికే వచ్చాయి. అందరికంటే ఎక్కువ. గెలిచినవాళ్లలో అబూ జవాద్ ఒకడు. వంటవాడు పనిచేసే ఇంటి యజమాని ఎంపీ అయ్యాడు. ఇక ప్రేమ్‌సింగ్ కాగితం ఎంతసేపు అనుకున్నాం అందరం.

అబూ జవాద్‌కు ప్రేమ్‌సింగ్ అంటే ఇష్టం. అది పీరీల పండుగ పుణ్యం. మా దంతాలపల్లి పక్క ఊళ్లలో మొహర్రం వస్తే పీరీలు ఎత్తేది ఎక్కువగా హిందువులే, అందులో లంబాడీలూ ఉంటారు. ప్రేమ్‌సింగ్ పెళ్లికి ముందు అయిదేళ్లు పీరీ ఎత్తి అలావా నిప్పులగుండం చుట్టూ తిరిగాడు. హసన్ హుస్సేన్ అంటే మా ఊరి దేవుళ్లే అనుకునేవాడట. నజఫ్ వెళ్లి, హుస్సేన్ తండ్రి సమాధి అక్కడే ఉందని తెలిశాక నోరు తెరిచాడు. ఒకనాడు వంటింట్లో గరిటె భుజానికెత్తి పీరీ ఎట్లా ఊగుతుందో చూపిస్తే, అబూ జవాద్ నవ్వాడట. నవ్వి నవ్వి, ఆఖరుకు కళ్లు తుడుచుకున్నాడట. ఇంత దూరంలో, మా భాష రానివాళ్లు మా హుస్సేన్ కోసం నిప్పుల చుట్టూ తిరుగుతున్నారా అని.

ఆ శుక్రవారపు ఫోన్లలోకి అబూ జవాద్ కూడా తొంగిచూడటం మొదలుపెట్టాడు. మా మధ్య తర్జుమా చేసేది మౌలానా బాఖర్. హైదరాబాదులో దారుల్‌షిఫా మనిషి, యాభై దాటినవాడు, యాత్రికుల గుంపులను తీసుకుపోతూ తీసుకొస్తూ నజఫ్‌లోనే స్థిరపడ్డాడు. అబూ జవాద్ మా తెలంగాణ సంగతులు అడిగేవాడు. అడిగేవాడు దొరికితే నేను ఊరుకుంటానా. తిండి మానేసిన రోజులు, వంటావార్పులు, రైలు పట్టాల మీద కూర్చోవడం, అన్నిటికీ మించి రాజీనామాలు. "పన్నెండు మంది ఎమ్మెల్యేలు రాజీనామా చేసిండ్రు, పన్నెండు సీట్లకు మళ్ల ఎన్నిక పెడితే పన్నెండు మందీ గెలిచిండ్రు, అదీ ముందటికన్న ఎక్కువ ఓట్లతోని" అని చెప్పేవాణ్ని. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఒకసారి సుశీల లోపలినుంచి, ఆ పన్నెండు మంది పాపం అలిసిపోయి ఉంటరు, జర వాళ్లను పండుకోనియ్యి అంది.

అబూ జవాద్ మా వాళ్లకోసం ఒక అర్జీ రాయించాడు. మా జిల్లాల నుంచి పోయి అక్కడ కాగితాల్లేక చిక్కుకున్నవాళ్లు ప్రేమ్‌సింగ్‌తో కలిపి పదకొండు మంది తేలారు. అందరికీ జైలు లేకుండా ఒకేసారి పంపించేట్టు అర్జీ. కాని ఆ దేశంలో ఎన్నికలై ఎనిమిది నెలలు గడిచినా ప్రభుత్వం ఏర్పడలేదు. సంతకం పెట్టాల్సిన మంత్రే లేడు. డెబ్బైమూడు మంది ఉండీ సర్కారు కట్టలేకపోతే ఇక ఉండి ఏం లాభం అని వాళ్ల నాయకుడికి విసుగొచ్చింది. రాజీనామాలు రాసి సిద్ధంగా పెట్టుకోండి అని తనవాళ్లకు చెప్పాడు. రెండువేల ఇరవై రెండు జూన్ అది.

శుక్రవారం రావాల్సిన ఫోను శనివారం సాయంత్రం వచ్చింది. ప్రేమ్‌సింగ్ వంటింట్లో లేడు. మేడ మీద ఉన్నాడు. గాలికి మాట సరిగ్గా వినబడటం లేదు.

"సారు, అబూ జవాద్ సారు పిలిచిండు. రేపు వాళ్లు అందరు రాజీనామా ఇస్తున్నరట. రేపు పొద్దుగాల ఆఫీసు తెరువంగనే నన్ను దగ్గరుండి తీస్కపోతడట. అక్కడి ఆఫీసరు తెలిసినోడేనట, తను ఎంపీగ ఉండంగ అడిగితే కాదనడట. ఎగ్జిట్ కాగితం చేతుల పెట్టిస్త, వారంల ఇంట్ల ఉంటవ్ అన్నడు."

"మిగిలిన పదిమంది?"

"వాళ్ల పాస్‌పోర్టులు ఏజెంటు దగ్గర ఉన్నయి సారు. నాదొక్కటే నా దగ్గరున్నది. నాకొక్కనికే అయితదట." ఫోను ముఖానికి దగ్గరగా పట్టుకున్నాడు. "ఆగాల్నా, రావాల్నా సారు?"

ఇప్పుడు తలుచుకుంటే, ఆ ప్రశ్నకు జవాబు పసిపిల్ల కూడా చెబుతుంది. కాని నేను పసిపిల్లను కాదు, నాయకుణ్ని. నా బుర్రలో అప్పటికే జనగామ స్టేషన్ ఉంది. రైలు దిగుతున్న పదకొండు మంది, పదకొండు దండలు, డప్పులు, పేపరోళ్లు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఫ్లెక్సీ మీద ఏం రాయించాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. ఒక్కడు, చడీచప్పుడు లేకుండా, చేతిసంచితో దిగి దంతాలపల్లి బస్సెక్కి పోతే అందులో నాకేముంది. ఈ మాట అప్పుడు ఇంత స్పష్టంగా అనుకోలేదు. అనుకోకపోవడం వల్ల తప్పు తగ్గుతుందేమో అని చాలా రోజులు చూశాను, తగ్గలేదు.

"ఆగు ప్రేమ్‌సింగ్, తొందరేంది," అన్నాను. "పదిమందిని ఇడిసిపెట్టి ఒక్కనివి వస్తవా? రాజీనామా అంటే ఏమనుకున్నవ్? ఆర్నెల్లు తిరిగేసరికి ఎలక్షన్ వస్తది. మీ అబూ జవాద్ డబుల్ మెజారిటీతోని గెలుస్తడు. అప్పుడు మంత్రే అయితడో ఏమో. అప్పుడు అందరు కలిసి దర్జాగ రావచ్చు."

బాఖర్ ఫోను తీసుకున్నాడు. ఆయన మాట ఎప్పుడూ నెమ్మదే. "విద్యాసాగర్ సాబ్, అబూ జవాద్ గట్ల అంటలేడు. రేపు ఒక్కరోజే ఉన్నది అంటున్నడు. పంపించేయ్ మియా ఈ పిల్లగాణ్ని."

"మౌలానా సాబ్, రాజీనామా సంగతి నాకు చెప్తున్నరా? నేను చేసినోణ్ని," అన్నాను.

ప్రేమ్‌సింగ్ మళ్లీ ఫోను తీసుకుని, "సరే సారు, మీకంటే నాకేం ఎరుక" అన్నాడు.

మర్నాడు వాళ్లు డెబ్బైమూడు మందీ రాజీనామా చేశారు. వాళ్ల స్పీకరు ఆ రోజే ఒప్పేసుకున్నాడు. నాకక్కడే అనుమానం రావాల్సింది. మా దగ్గర స్పీకర్లు రాజీనామాలను ఆవకాయలా నెలల తరబడి ఊరబెట్టేవాళ్లు. అయినా నేను ఫోనులో ఆ వార్త చూసి మురిసిపోయాను. మా దారి పట్టారు అనుకున్నాను.

పది పన్నెండు రోజుల తర్వాత మా అమ్మాయి మేఘన సెలవుకు వచ్చింది. భూపాలపల్లిలో జూనియర్ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతుంది. అన్నం తింటూ నేను నా ఇరాక్ పురాణం విప్పాను. ఉపఎన్నిక ఎప్పుడు పెడతారో చూడు అన్నాను. అది ఫోనులో కాసేపు ఏదో చదివింది.

"బాపూ, అక్కడ ఉపఎన్నిక ఉండదు," అంది. "ఎవరన్న రాజీనామా చేస్తే, ఆ సీట్ల వాళ్ల తర్వాత ఎక్కువ ఓట్లు వచ్చినోళ్లను తీసుకుంటరు. మొన్ననే ప్రమాణం గూడ చేసిండ్రు."

"అంటే ఓడిపోయినోడు పోయి కూసుంటడా?"

"ఔ. వీళ్లు పోయినట్టే. ఇంక మూడేండ్ల దాంక రారు."

చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. మేఘన ఏమైంది బాపూ అని రెండుసార్లు అడిగింది. పచ్చిమిరపకాయ కొరికాను అని చెప్పాను.

ఆ రాత్రి నుంచి నేను తలుచుకోకుండా ఉన్న రోజు లేదు. నేను అంత ధీమాగా ఆగమనడానికి అసలు కారణం ఇరాక్ చట్టం తెలియకపోవడం కాదు. చట్టం తెలియనివాళ్లు కోట్లమంది ఉన్నారు, వాళ్లెవరూ ప్రేమ్‌సింగ్‌ను ఆపలేదు. అసలు కారణం నా ముందుగదిలో ఫ్రేములో ఉంది. జెడ్పీటీసీ రాజీనామా లేఖ ఇవ్వాల్సింది వరంగల్‌లో జిల్లా పరిషత్ ఆఫీసులో. నేను ఇచ్చింది శిబిరంలో జేఏసీ కన్వీనర్ చేతికి. కన్వీనర్‌కు ఇచ్చిన లేఖతో పదవి పోదు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే ఆయన పేరున రాశాను. ఆయనకూ తెలుసు. మూడు నెలల తర్వాత జెడ్పీ సమావేశానికి వెళ్లి హాజరుపట్టీలో సంతకం పెట్టాను. నా పక్క సభ్యుడు నన్ను చూసి ముసిముసిగా నవ్వాడు. అతనిదీ నాలాంటి రాజీనామాయే. నిజంగా ఇచ్చినవాళ్లు ఇచ్చారు, ప్రాణాలే ఇచ్చినవాళ్లున్నారు. నేను మాత్రం కాగితం ఎత్తి చూపించి కుర్చీ నా దగ్గరే ఉంచుకున్నాను.

నాది ఉత్తుత్తిది గనక లోకంలో అందరివీ ఉత్తుత్తివే అనుకున్నాను. ఎక్కడో ఒకాయన నిజంగానే కుర్చీ వదిలేస్తాడని, వదిలేముందు ఆఖరి పూట దాన్ని ఒక వంటవాడి కాగితం కోసం వాడుకోవాలని చూస్తాడని నా ఊహకు అందలేదు.

తర్వాత ఒకసారి బాఖర్ ఫోను చేశాడు. ఆ ఆదివారం పొద్దున అబూ జవాద్ ఆఫీసు ముందు కారులో పది గంటల దాకా కూర్చున్నాడట. హిందీ ఎందుకు రాలేదు అని అడిగాడట. అరబ్బీలో హిందీ అంటే భారతీయుడు, అంటే ప్రేమ్‌సింగే. "ఏం చెప్పిండ్రు?" అన్నాను. "నిద్రపోయిండని చెప్పిన సాబ్" అన్నాడు బాఖర్. నా పరువు కాపాడటానికి మౌలానా అబద్ధమాడాడు.

ఆ ఆగస్టులో బాగ్దాద్‌లో ఆ ఉద్యమం వాళ్లకూ ఎదుటి వర్గానికీ మధ్య కాల్పులు జరిగాయి. అబూ జవాద్ ముసాఫిర్‌ఖానా మూసేసి ఎక్కడో పల్లెలో ఖర్జూర తోటకు వెళ్లిపోయాడు. పదవి పోయిన మనిషి మాట ఏ ఆఫీసులోనూ చెల్లలేదు. అర్జీ ఏమైందో ఎవరికీ తెలియదు. పదిమందిలో కొందరు పట్టుబడి జైల్లో ఉండి ఇళ్లకు చేరారు, కొందరు ఉత్తరాన కుర్దుల ప్రాంతం వైపు వెళ్లిపోయారు. ప్రేమ్‌సింగ్ దక్షిణాన బస్రా దగ్గర కట్టడం పనుల్లో దాక్కుని దాక్కుని బతికాడు. నేను ఢిల్లీ దాకా లేఖలు రాశాను. ఈసారి సరైన చిరునామాలకే రాశాను. వివరాలు పరిశీలిస్తున్నాం అని జవాబు వచ్చింది, అదీ రెండుసార్లే.

ప్రేమ్‌సింగ్ నన్ను ఒక్క మాట అనలేదు. శుక్రవారం ఫోను మానలేదు. ఒక్క మాట అన్నా బాగుండేది. ఉపఎన్నిక రాదన్న సంగతి నేనూ అతనికి చెప్పలేదు.

మూడున్నరేళ్లు గడిచాయి. నవంబరులో ఇరాక్‌లో మళ్లీ ఎన్నికలు జరిగాయి. నేను ముందే చదివాను. ఆ ఉద్యమం ఈసారి ఎన్నికల్లో దిగనే లేదు, ఓటు కూడా వేయొద్దంది. ఒకప్పుడు డెబ్బైమూడు మంది కూర్చున్న పార్లమెంటులో ఇప్పుడు వాళ్లవాళ్లు ఒక్కరూ లేరు. ఎక్కడి ఇరాక్, ఎక్కడి జనగామ. పత్తి తూకాల దగ్గర నిలబడి ఆ వార్త ఫోనులో చదువుతుంటే పక్కనున్న రైతు, ఏమైంది పటేలా, ఎవరన్న పోయిండ్రా అని అడిగాడు.

సరిగ్గా అప్పుడే మా దగ్గర స్థానిక ఎన్నికల మాట మొదలైంది. మా పార్టీ కుర్రాళ్లు నలుగురు వచ్చి నన్ను మళ్లీ జెడ్పీటీసీకి నిలబడమన్నారు. ప్రచారం అంతా రాజీనామా మీదే నడుపుతామన్నారు. వాళ్లలో అజిత్ అనేవాడు చురుకు. "అంకుల్, ఆ తండా అనితక్కను స్టేజి ఎక్కిద్దాం. గల్ఫ్ బాధితుల కోసం మీరెంత తిరిగిండ్రో ఆమె చెప్తే తండాలన్ని మనయే" అన్నాడు.

అడిగి వస్తానని నేనే దంతాలపల్లి వెళ్లాను. అడగడానికి కాదు. బీరువాలోంచి ఆ లేఖ జిరాక్సు తీసి జేబులో పెట్టుకున్నాను.

అనిత అప్పుడే పత్తి చేను నుంచి వచ్చి చేతులు కడుక్కుంటోంది. మనిషి సగమైంది. నాకు కుర్చీ వేసి తను గడప మీద కూర్చుంది. ఆ రోజు బడికి సెలవు, లోపల సుజాత పుస్తకాలు సర్దుకుంటోంది. తొమ్మిదేళ్లొచ్చాయి. తండ్రితో ఫోనులో మాట్లాడేటప్పుడు ఆ పిల్ల ఆయన్ను 'మీరు' అంటుంది. మీరు తిన్నరా, మీకు మంచిగున్నదా. ఎవరూ నేర్పలేదు, పరాయివాళ్లతో అలా మాట్లాడాలని దానికే తోచింది.

"అనితమ్మా, ఒక మాట చెప్పాలె," అన్నాను. "ఆ శనివారం ప్రేమ్‌సింగ్‌ను ఆగమన్నది నేనే."

"ఎరుకే సారు."

"ప్రేమ్‌సింగ్ చెప్పిండా?"

"ఆనాడే. మీతోని మాట్లాడినంక నాకు చేసిండు. సారు ఆగమంటుండు, నువ్వేమంటవ్ అన్నడు." కొంగుతో చేతులు తుడుచుకుంటూ నేల వైపు చూస్తూ చెప్పింది. "నాకైతే వచ్చెయ్ అందామనే ఉండె సారు. నోటిదాంక వచ్చింది. మళ్ల అనుకున్న, కుర్చీ ఇడిసిన మనిషి, రాజీనామా సంగతి ఆయనకు తెల్వకపోతే ఎవరికి తెలుస్తది. నేనే ఆగమన్న. సారు మాట ఇను అన్న."

ఇన్నేళ్లుగా ఆ తప్పు నా ఒక్కడిదే అనుకుని మోస్తున్నాను. సగం ఈమె మోస్తోందని నాకు తెలియదు. నా కాగితం మీద నమ్మకంతో, తన నోటిదాకా వచ్చిన మాటను మింగి, నన్ను ఒక్క మాట అనకుండా తనను తాను తిట్టుకుంటూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆమే లేచి నన్ను ఓదారుస్తుందని భయం వేసి ఆపుకున్నాను.

జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. చదివింది. పైనున్న పేరు దగ్గర ఆగింది.

"కన్వీనర్ గారికి అని ఉన్నది. ఇది ఎవలకు ఇయ్యాలె సారు?"

"జిల్లా పరిషత్‌కు."

"ఇచ్చిండ్రా?"

"ఇయ్యలే."

"అంటే కుర్చీ ఇడువలే మీరు."

"ఇడువలే."

అనిత కాగితాన్ని పాత మడతల మీదే మడిచింది. తిట్టలేదు. కేకలు వేయలేదు. ఎవరిదో మేకపిల్ల వచ్చి గుంజకు రాసుకుని పోయింది.

"ఈసారి నిలబడను," అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"నిలబడితే ఏంది, నిలబడకపోతే ఏంది సారు. గా ముచ్చటతోని ఆయన వస్తడా?" అంది. తర్వాత కాగితం నా చేతిలో పెట్టింది. "ఇది ఆయనకు మాత్రం చెప్పకుండ్రి. అక్కడ ఆయనకు ఎవరున్నరు. రాజీనామా సారు ఉన్నడు, ఏదో ఒకటి చేస్తడు అని రోజు నాతోని అంటడు. గా ఒక్క మాట పట్టుకొని బతుకుతుండు. అది గూడ తీసెయ్యకుండ్రి."

నేను ఒప్పుకోవడానికి వచ్చాను. ఒప్పుకుంటే తేలికవుతుందని వచ్చాను. ఆమె నా బరువు నాకే తిరిగి ఇచ్చేసింది.

అది శుక్రవారం. మధ్యాహ్నం దాటుతుండగా నా ఫోను మోగింది. ప్రేమ్‌సింగ్. ముఖానికి గడ్డం పెరిగింది, వెనక ఇసుక, ఇనుప చువ్వలు. నేను వాళ్లింట్లోనే ఉన్నానని తెలిసి సంబరపడ్డాడు. సుజాత ఏది అన్నాడు. పిల్ల వచ్చి మీరు మంచిగున్నరా అని అడిగి లోపలికి పోయింది.

"సారు, ఇక్కడ ఎలక్షన్లు అయిపోయినయి గదా," అన్నాడు. "అబూ జవాద్ సారు గెలిచిండా? ఈ పక్క నాకు చెప్పేటోళ్లు ఎవ్వరు లేరు. బాఖర్ సారు నంబరు కలుస్తలేదు. ఆయన గెలిస్తే నడుసుకుంటనన్న నజఫ్ పోత."

"గెలువలే ప్రేమ్‌సింగ్. నిలబడనే లేదు. వాళ్లోళ్లు ఎవ్వరు నిలబడలే."

"డబుల్ మెజారిటీ వస్తదంటిరి గదా."

ఎత్తిపొడుపు కాదు అది. నిజంగానే అడిగాడు.

"నేను తప్పు చెప్పిన," అన్నాను. "అక్కడ రాజీనామా ఇస్తే ఇచ్చినట్టే. వాళ్లు ఇంక రారు."

మళ్లీ అదే గొంతు, అదే ప్రశ్న. "అయితే ఇప్పుడు ఆగాల్నా, రావాల్నా సారు?"

రావడమంటే ఇప్పుడు ఒకటే దారి ఉంది. తనంతట తాను వెళ్లి పోలీసులకు లొంగిపోవాలి. కొన్ని నెలలు జైలు. ఎన్ని నెలలో ఎవరూ చెప్పలేరు. ఆ తర్వాత వాళ్లే విమానం ఎక్కిస్తారు. ఆగడమంటే, పరంజా మీద ఏదో ఒకనాడు కాలు జారేదాకా ఆగడం. ఒకనాటి పొద్దున ఒక గంటలో అయిపోయే పనికి ఇప్పుడు ఈ రెండే మిగిలాయి.

నేను ఫోను అనిత చేతికిచ్చాను. "నువ్వు చెప్పు బిడ్డా. ఆనాడు నోటిదాంక వచ్చిన మాట ఉన్నది గదా, అది చెప్పు."

ఆమె ఫోను పట్టుకుని కాసేపు భర్త ముఖం చూసింది. తర్వాత వాళ్ల భాషలో మాట్లాడింది. నాకు లంబాడీ రాదు. ఇన్నేళ్లు వాళ్ల ఓట్లు అడిగాను గాని వాళ్ల భాష నేర్చుకోలేదు. జైలు అనే మాట వినబడింది. సుజాత పేరు వినబడింది. ఆఖర్న ఒకే మాట మూడుసార్లు అంది. ఆ మాట నాకు భాష రాకుండానే అర్థమైంది.

ప్రేమ్‌సింగ్, నాకు కూడా తెలియాలనేమో, తెలుగులో అడిగాడు. "మరి సారు ఏమంటుండు?"

అనిత నా వైపు చూసింది. నేను ముందుకు వంగి, "ఆమె చెప్పినట్టు చెయ్యి ప్రేమ్‌సింగ్" అన్నాను.

"చేస్త సారు," అన్నాడు. "గాని మీరు ఏమంటరు?"